సావుకారి కారులో ఎలుక

సీతారామారావుగారి కారులో ఎలుక దూరిందన్న సంగతి నరసన్నపేట బజారువీధిలో తెలియనివాళ్ళు లేరు. ఆయనే చెప్పాడు మరి, కొట్టుకొచ్చిన ప్రతివాడికీ. కిరాణా హోల్‌సేల్ పెట్టి యాభై ఏళ్ళయిన మనిషికి ఎలుకంటే పాత పగ. కందిపప్పు బస్తాలు, చింతపండు బుట్టలు, బెల్లం దిమ్మలు, ఆ జాతి నోరు పెట్టనిదంటూ లేదు. అలాంటిది గోడౌను చాలక ఏకంగా కారెక్కిందంటే ఆయన ఊరుకుంటాడా? డ్రైవరు సీటు కింద జిగురట్ట పరిచాడు. సీట్ల సందుల్లో కలరా ఉండలు కుక్కాడు. బోను తెచ్చి, పకోడీ గుచ్చి, రాత్రిళ్ళు డిక్కీలో పెట్టాడు. నెలరోజులైంది. జిగురట్టకి కోడలి చెప్పు ఒకసారి, కొడుకు బిల్లుపుస్తకం ఒకసారి అంటుకున్నాయి గానీ ఎలుక తోక కూడా దొరకలేదు.

దొరకదు. ఉంటే కదా దొరకడానికి. ఆ సంగతి కోడలు హైమకి బాగా తెలుసు, సీటు చింపింది తనే కాబట్టి.

అలాగని హైమ ఏదో పంతానికి చింపిందనుకునేరు. శృంగవరపుకోట పిల్ల, ఆ ఇంటికి వచ్చి పదమూడేళ్ళయింది, ఇంతవరకూ ఒక గాజుగ్లాసు పగలగొట్టి ఎరగదు. పొదుపు మనిషి. ఆ కారు కూడా విశాఖపట్నంలో ఒక డాక్టరు వాడి అమ్మేసినది. లేత గోధుమరంగు సీట్లు, అసలు తోలు. కొన్న రోజున ఆ సీట్ల మీద చెయ్యి వేసి, ఎంత మెత్తగా ఉన్నాయో అని అందరికంటే ఎక్కువ మురిసిపోయింది హైమే. ఇప్పుడు అదే చేత్తో, అదే తోలుని, కుడిపక్క తలుపు వైపు కుట్టు దగ్గర, అరచెయ్యంత మేర పీకి పెట్టింది.

రెండేళ్ళ నాలుగు నెలల కిందట మావగారి కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వీధికొకరు ఆ జబ్బుతో ఉండే ఆ వైపు ఊళ్ళలో ఈ మాట చెబితే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు, ఏ మిషను, ఏ రోజులు అని అడుగుతారంతే. సోమ, బుధ, శుక్రవారాలు శ్రీకాకుళం ఆసుపత్రిలో డయాలసిస్. పొద్దున్న ఆరున్నరకి ఇంట్లో బయల్దేరాలి. ఏడున్నరకి మిషను ఎక్కిస్తారు. నాలుగు గంటలు. దించాక సూది పెట్టినచోట నెత్తురు ఆగేదాకా మరో పావుగంట. ఇంటికి చేరేసరికి ఒంటిగంట. చేరాక ఆయనకి వేరే వంట: కూర ముక్కలు ఉడికించి నీళ్ళు వార్చి, మళ్ళీ ఉడికించి, ఉప్పు లేకుండా.

కారు ఎవరు తోలాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంట్లో అందరూ హైమ వైపు చూశారు. ఆమె భర్త కళ్యాణ్‌కి కుదరదు. కొట్టు తలుపు పొద్దున్న ఏడింటికి తీసి తీరాలన్నది సీతారామారావుగారి శాసనం. సొంత భార్య పోయిన రోజున కూడా మధ్యాహ్నానికి ఒక రెక్క తీయించిన మనిషి ఆయన. అందుకని హైమ నలభై రోజుల్లో డ్రైవింగు నేర్చుకుంది. భయపడుతూ నేర్చుకుంది, ఆ తరవాత భయం పోయింది. భయం పోయాక ఏం మిగిలిందంటారా, విసుగు మిగిలింది.

ఆసుపత్రి వరండాలో బెంచీలు చాలవు. చాలినా ఆ వాసనకి ఆమెకి తిప్పుతుంది. అందుకని వెనకవైపు కానుగచెట్టు కింద కారు పెట్టుకుని, అద్దం సగం దించుకుని, డ్రైవరు సీట్లోనే కూర్చుంటుంది. బజారుకి వెళ్ళి రావడానికి లేదు. బీపీ పడిపోయిందంటే సిస్టర్ ఫోన్ చేస్తుంది, రెండు నిమిషాల్లో మంచం పక్కన ఉండాలి. మొదట్లో వారపత్రికలు చదివింది. తరవాత ఫోన్ చూసింది. ఆ తరవాత ఏమీ చెయ్యడం మానేసింది. ఆ ఏమీ చెయ్యని గంటల్లో ఎప్పుడో, కుడిచేతి బొటనవేలికి కుట్టులోంచి లేచిన దారప్పోగు ఒకటి తగిలింది. లాగింది. వచ్చింది. ఆ రోజుకి అంతే. తరవాత గోరు దానంతటదే అక్కడికి పోవడం మొదలుపెట్టింది. చూసుకునేసరికి తోలు అంచు లేచిపోయి, లోపలి ఫోమ్ పసుపచ్చగా కనబడుతూ, కాళ్ళ దగ్గర నూకలా రాలి ఉంది.

అప్పుడే చెప్పేస్తే ఏం పోయేది, చింపింది నేనేనండీ అని? మామూలు ఇంట్లో అయితే ఏమీ పోదు. ఇక్కడ పోతుంది. మొదటి నెలలో ఒకరోజు మిషను మీంచి దిగి, గోడ పట్టుకుని నడుస్తూ ఆయన ఒక మాటన్నాడు. "సూడమ్మా, నేను నీకు బరువైపోనాను అనిపించిన రోజు మొహమాటపడకు. నువ్వు సెప్పక్కర్లేదు, నాకు తెలిస్తే సాలు. ఆ రోజుతో మానేస్తాను."

ఇలాంటి మాటలు ముసలివాళ్ళు చాలామంది అంటారు, అని మర్చిపోతారు. కానీ ఆ ఇంట్లో మర్చిపోవడానికి వీల్లేదు. టెక్కలిలో ఉండే ఆయన అన్నగారిదీ ఇదే జబ్బు. తన కోడలు ఎవరితోనో ఫోన్లో విసుక్కోవడం విని, మర్నాడు కారెక్కనన్నాడు. ఎవరు బతిమాలినా ఎక్కలేదు. పదకొండో రోజున పోయాడు. ఆ కర్మకి వెళ్ళొచ్చి సీతారామారావుగారు భోజనాల బల్ల దగ్గర, "మంచిపని సేసేడు అన్నయ్య. ఒకరికి బరువవకుండా దాటిపోనాడు," అన్నాడు. అప్పట్నించీ ఆయన కష్టంగా ఉందా అని ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు, ఒకటే నవ్వు. "కష్టమేటుంది మావయ్యా, కూచోవడమే కదా."

అందుకే ఆయన ఎలుక అన్నప్పుడు, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. పాపం ఎలుక.

చిరుగు అరచెయ్యి దాటేసరికి కళ్యాణ్ శ్రీకాకుళంలో రెడీమేడు తొడుగు కొనేద్దామన్నాడు. హైమ వెంటనే అవునంది, బుధవారమే తెచ్చేస్తానంది. అంత తొందరపడకుండా ఉండాల్సింది.

"తోలుసీటు మీద రెగ్జిన్ తొడుగా?" అన్నాడు సీతారామారావుగారు. "పట్టుసీర కట్టుకుని పైన గోనె సుట్టుకున్నట్టుంటాది. జగన్నాధం ఉండగా మనకేటి ఖర్మ. శనివారం తీసికెల్దాం, నేనూ వస్తాను."

ఆ పేరు వినగానే హైమ తొడుగు మాట ఎత్తడం మానేసింది.

జగన్నాధం హైవే పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా సీట్లు కుడుతున్నాడు. లారీలు, ఆటోలు, కార్లు, ఏదైనా. పనిలో వంక పెట్టడానికి లేదు, నోటితోనే చావు. నోట్లో నువ్వుగింజ నానదు. ఎవడి సీటు చిరిగినా, ఎందుకు చిరిగిందో చెప్పనిదే సూది పట్టడు. కాంట్రాక్టరొకాయన సీటు చూసి, జేబులో పర్సు లావు తగ్గించుకో బాబూ, సీటు కాదు నీ నడుమే పోతాదన్నాడు. మంచిదే. కానీ కిందటేడు ఒక పెద్దమనిషి పెళ్ళాంతో సహా వచ్చి, ఎడంసీటు కింది అంచు చీరుకుపోయిందంటే, ఇది ఎత్తుమడమ చెప్పు గీరిందని చెప్పాడు. ఆవిడ కాళ్ళకి ఉన్నవి హవాయి చెప్పులు. ఆ ఇంట్లో మూడురోజులు పొయ్యి వెలగలేదని చెప్పుకుంటారు. అలాంటి మనిషి దగ్గరికి, మావగారిని పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో చింపిన సీటుని తనే తోలుకుంటూ వెళ్ళాలి. కుడితిలో పడ్డ ఎలుక బతుకంటే అదే.

శనివారం తొమ్మిదింటికి వెళ్ళారు. జగన్నాధం అప్పుడే ఒక లారీ సీటు మీద కొత్త రెగ్జిన్ సాగదీసి మేకులు కొడుతున్నాడు. సన్నటి మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే కుట్టుదారమే కట్టుకున్నాడు.

"రండి సావుకారూ, రండి. ఒంట్లో ఎలగుంది?"

"ఉన్నాది. మిషను ఎంత సెప్తే అంత." సీతారామారావుగారు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మెల్లిగా కూర్చున్నాడు. ఎడంచెయ్యి మీద, మిషను సూదులు పెట్టేచోట, నరం తాడులా ఉబ్బి ఉంది. దాన్ని ఎప్పుడూ కండువాతో కప్పుకుంటాడు. "సూడు జగన్నాధం, ఎలక పాడుసేసింది. మంచి తోలు. అతుకు కనపడకూడదు."

జగన్నాధం తలుపు తీశాడు. వంగి, చిరుగు అంచు వేళ్ళతో తడిమాడు. లోపలికి వేలు పెట్టి ఫోమ్ ఎంత పోయిందో చూశాడు. రాలిన నూక కొంచెం తీసి చూపుడువేలితో నలిపాడు. హైమ అతని మొహం వైపు చూడకుండా, హైవే మీద పోతున్న లారీల వైపు చూస్తూ నిలబడింది.

"కూచో అమ్మా," అన్నాడు జగన్నాధం.

"ఎందుకు? చూశారు కదా."

"సూసింది సిరుగు. కూచునే మడిసిని సూడాల. ఎలక్కొరికినా, ఏటి సేసినా, నీ బరువు ఎటు పడతాదో తెలీకుండా అతుకేస్తే నెలకే నోరు తెరుస్తాది. రోజూ ఎలగ కూచుంటావో అలగే కూచో."

అది అతని పద్ధతి. తప్పించుకోవడానికి లేదు. హైమ ఎక్కి కూర్చుంది. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, దానిమీద ఎడంచెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకుంది. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. జగన్నాధం తొందరేమీ పడలేదు. స్టూలు లాక్కుని కారు పక్కనే కూర్చుని, మైనపుముద్దకి దారం రాసుకుంటూ మాటల్లో పడ్డాడు. ఈ ఏడు నాట్లు ఆలస్యమన్నాడు. వంశధార కాలవలో నీళ్ళు ఇంకా రాలేదన్నాడు. సీతారామారావుగారు అవునవునన్నాడు.

"మిషను ఎంతసేపమ్మా?" అన్నాడు ఉన్నట్టుండి హైమతో.

"నాలుగు గంటలు."

"అంతసేపూ నువ్వెక్కడుంటావు?"

"ఇక్కడే. కార్లో."

"నాలుగ్గంటలూ? ఏటి సేస్తావు?"

ఏటి సేస్తావు. ఈ రెండేళ్ళ నాలుగు నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. రిపోర్టులు ఎలా ఉన్నాయని అడిగారు. బీపీ ఎంతని అడిగారు. ఆయన తిన్నాడా అని చుట్టాలందరూ అడిగారు. హైమ జవాబు కోసం వెతుక్కుంది. దొరక్క, దొరికిన మాటలే చెప్పడం మొదలుపెట్టింది. ముందు పుస్తకాలు చదివేదాన్ని, ఇప్పుడు అక్షరాలు ఆనవు. ఎదురుగా ఆసుపత్రి గోడ ఉంటాది, దాని మీద నాచు మరక ఒకటి వానలకి పెద్దదవుతాది, ఎండలకి చిన్నదవుతాది. అంబులెన్సు వస్తే ఎవరు దిగుతారా అని చూస్తాను. నిద్ర వస్తాది గానీ నిద్రపోతే ఫోన్ వినపడదేమోనని భయం. పదింటికి ఒకసారి ఆకలేస్తాది. పదకొండింటికి అదీ పోతాది.

చెప్పుకుంటూ పోయి, ఎవరూ ఊఁ కొట్టడం లేదని తెలిసి ఆగింది. జగన్నాధం చేతిలో దారం ఆగిపోయి ఉంది. చూపు కిందికి ఉంది. హైమ కూడా చూసుకుంది. ఎడంచెయ్యి ఒళ్ళో ఒంటరిగా ఉంది. కుడిచెయ్యి ఎప్పుడు జారిపోయిందో జారిపోయి, బొటనవేలు చిరుగులోకి కణుపుదాకా దిగి, తోలు అంచుని మెల్లిగా, ఓపిగ్గా పైకి లేపుతోంది.

తీసేసింది. నిప్పు తగిలినట్టు తీసేసింది.

జగన్నాధం నోరు తెరిచాడు. హైమ అతని కళ్ళలోకి చూసింది. అడుక్కునే చూపంటారే, ఆ చూపే. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అలా చూసి ఎరగదు. జగన్నాధం తల తిప్పి ముసలాయన వైపు చూశాడు. ఆయన కండువా సర్దుకుంటూ, రోడ్డుకవతల టీ బడ్డీ మీది బోర్డు చదువుతున్నట్టు అటు చూస్తున్నాడు.

"ఎలకే సావుకారూ," అన్నాడు జగన్నాధం. "సందేహం నేదు. ఎలక పనే."

దారాన్ని మళ్ళీ మైనానికి రాయడం మొదలుపెట్టాడు.

"నేనన్లేదా," అన్నాడు సీతారామారావుగారు. "నెల్రోజుల్నించీ అదే సెప్తన్నాను." గొంతు మాత్రం రోజూ ఉండే గొంతు కాదు.

కారు అక్కడే వదిలేసి ఆటోలో ఇంటికొచ్చారు. ఆయన మధ్యాహ్నం డాక్టరు పెట్టిన కొలతనీళ్ళు కొలతగానే తాగాడు, ఉప్పులేని కూర ఉప్పులేదనకుండానే తిన్నాడు. చూశాడా, చూడలేదా? బోర్డు చదివేటప్పుడు చూశాడా, అంతకు ముందే చూశాడా? హైమ ఆ రెండు రోజులూ ఆయన మొహంలో వెతకని చోటు లేదు. ఆదివారం పొద్దున్న ఆయన, రాత్రిళ్ళు డిక్కీలో పెట్టే బోనుని కొట్టుకి పంపించేశాడని తెలిసింది. సీటు బాగైపోయాక బోనెందుకు అని తనకి తాను సర్దిచెప్పుకుంది. సర్దుకోలేదు.

సాయంత్రం కారు తెచ్చుకోవడానికి ఒక్కతే షెడ్డుకి వెళ్ళింది. సీటు విప్పి, తొడుగు పూర్తిగా ఊడదీసి, లోపల కొత్త ఫోమ్ ముక్క అతికించి, చిరుగు కింద వేరే తోలుముక్క పరిచి, జిగురు సొల్యూషన్ పట్టించి, వంపు సూదితో రెండు వరసల కుట్టు వేశాడు జగన్నాధం. రంగు కూడా కలిపి రాశాడు. దగ్గరగా వంగి చూస్తే తప్ప తెలియదు.

"రంగు ఓ పిసరు ముదురొచ్చింది. నాల్రోజులు ఎండ తగిల్తే కలిసిపోద్ది," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "కుట్టు గట్టిగా ఏసేను తల్లీ. గోరిరగాల గానీ అది ఊడదు."

హైమ ఆ కుట్టు మీద బొటనవేలు పెట్టి చూసింది.

"ముప్పయ్యేళ్ళ పనిలో నాను ఆడిన అబద్దం అదొక్కటే. ఎందుకాడేనో నాకే తెల్దు. మళ్ళీ నా సేత ఆడించకు."

"మావయ్య చూశారంటారా?"

"ఆ మడిసి మనసు నాకేటి తెల్సమ్మా," అని జగన్నాధం తన పనిలోకి పోయాడు.

సోమవారం పొద్దున్న ఆరుంపావుకి హైమ సంచీ సర్దింది. ఫైలు, దుప్పటి, రెండు ఇడ్లీలు. కారు బయటికి తీసి వాకిట్లో పెట్టింది. ఆయన రోజూ ఈపాటికి చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని, ఆలస్యమైపోతోందని వీధిలోకి వినబడేలా గొణుగుతూ ఉండాలి. రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే బనీనుతో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా వంకీకే ఉంది.

"ఇయాల రానమ్మా," అన్నాడు.

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాది."

"మరి?"

"మరేటి లేదు. సెప్పేను కదా అప్పుడు. ఇంక సాల్లే."

హైమ నోటిదాకా వచ్చింది, రెండేళ్ళ నాలుగు నెలలుగా అరిగిపోయిన ఆ మాట: కష్టమేటుంది మావయ్యా, కూచోవడమే కదా. నాలుక మీదకి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఎంత తోసినా బయటికి రాలేదు. గడపమీద కూర్చోకూడదని తెలిసిన మనిషి, ఆ గడపమీదే కూలబడింది. ఆయన కూడా లెమ్మనలేదు.

"ఎలుక కాదు మావయ్యా. నేనే," అంది.

ఆయన కండువా కోసం తడుముకున్నాడు.

"విసుగొచ్చింది. సాలా విసుగొచ్చింది. సోమారం పొద్దున్న అలారం కొడితే ఏడుపొస్తాది. మీమీద కోపమొస్తాది. మీ అబ్బాయి మీద వస్తాది, ఆ కొట్టు మీద వస్తాది. కిందటి వేసంగిలో ఓ రోజు సిస్టర్ ఫోన్ సేసి బేగి రమ్మంది. మీకేటో అయిపోయిందనుకున్నాను. అనుకుని..." ఆగి, మళ్ళీ అందుకుంది. "అమ్మయ్య అనుకున్నాను మావయ్యా. ఒక్క సిటికె. ఆ తరవాత చెప్పుల్లేకుండా లోపలికి లగెత్తేను. మీరు మంచమ్మీద కూచుని బిస్కట్టు తింటన్నారు."

గోడ గడియారం ఆరున్నర కొట్టింది. హైమ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీరు తెలిస్తే మానేస్తానన్నారు, తెలిసింది. నేనిప్పుడు మిమ్మల్ని బతిమాలను. బతిమాలే ఓపిక లేదు. మీరు వస్తే రండి, లేకపోతే లేదు. నేను మాత్రం ఎల్తాను. ఖాళీ బండేసుకుని ఎల్లి, ఆ చెట్టుకింద నాలుగ్గంటలు కూచుని వస్తాను. బుధవారం కూడా ఎల్తాను. మీరు పోయినా నేనింక ఆ చెట్టు కింద కూచోకుండా ఉండగల్నా? మన టెక్కలి పెదమావయ్యగారి కోడల్ని ఒకసారి చూసి రండి, ఎలగుందో. ఫోన్ ముట్టుకోవడం మానేసిందట ఆవిడ."

సీతారామారావుగారు తన ఎడంచేతి నరం వైపు చూసుకున్నాడు. అది లోపల్నించి కొట్టుకుంటూనే ఉంది.

"ఎలక పన్ను సన్నటి ఉలిలాంటిదమ్మా," అన్నాడు చివరికి. "కొరికిందంటే జోడు గాట్లు పడతాయి, అంచు తెగినట్టుంటాది. లాగినట్టుండదు. యాభై ఏళ్ళు గోనెలు సూసినోణ్ణి. సీటు సూసిన రోజే తెలుసు, ఎలక కాదని."

హైమకి అర్థం కాలేదు. "మరి బోనూ, కలరా ఉండలూ..."

"ఎలకుంటే నేను రావొచ్చు కదా."

అంత పెద్దమనిషి, బజారువీధిలో ఒక్క మాట వెనక్కి తీసుకుని ఎరగని మనిషి, ఆ మాటని నేలచూపులు చూస్తూ అన్నాడు. "నువ్వని ఒప్పుకుంటే మానెయ్యాల. మాటిచ్చేను కదా. ఎలకని పెట్టుకుంటే ఇంకో నెల రావొచ్చు, ఇంకో నెల. అతుకేయించేస్తే ఆ గొడవే పోతాదనుకున్నాను, జగన్నాధం దగ్గర అందరెదుటా బయటపడిపోనాది, ఇంకేటి సేస్తాను? నాకు బతకాలనుందమ్మా. డెబ్బైమూడేళ్ళొచ్చేయి, సిగ్గునేదు. ఉన్నాది మరి."

"అయితే టెక్కలి పెదమావయ్యగారిని అంతలా మెచ్చుకున్నారెందుకు?"

"అన్నయ్యలా నేను సెయ్యలేనని ఆ రోజే తెలిసిపోనాది. అందుకే మెచ్చుకున్నాను."

హైమ లేచింది. వంకీకున్న చొక్కా తీసింది. ఎడంచెయ్యి ముందు, నరం రాచుకోకుండా, ఆ తరవాత కుడిచెయ్యి. రోజూ ఆయనే తొడుక్కుంటాడు. ఇవాళ తొడిగించుకున్నాడు. గుండీలు పెట్టేటప్పుడు ఆయన మొహం పక్కకి తిప్పి కళ్ళొత్తుకున్నాడు. ఆమె చూడనట్టే ఉంది. ఆ విద్య ఆ ఇంట్లో అందరికీ వచ్చు.

కళ్యాణ్ పెరట్లోంచి పళ్ళు తోముకుంటూ వచ్చి, ఇంకా బయల్దేరలేదా అని చేత్తోనే అడిగాడు.

"ఒరే," అన్నాడు సీతారామారావుగారు, "శుక్రవారాలు నువ్వు తోల్తావు."

కళ్యాణ్ బ్రష్షు తీశాడు. "మరి కొట్టో?"

"మధ్యాన్నం తీ."

కళ్యాణ్ నురగ మింగేసినట్టున్నాడు, దగ్గొచ్చింది. తండ్రి రెండోసారి చెప్పే రకం కాదు. చెప్పులేసుకుని, కోడలి భుజం మీద చెయ్యి వేసి, మెట్లు దిగాడు.

కారు నిండా సొల్యూషన్ వాసన. అద్దాలు రెండూ దించి హైవే ఎక్కింది హైమ. పావుగంట ఆలస్యమైంది. మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని గాభరాగా తోలింది. సిస్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెడితే, వచ్చేస్తున్నాం, వచ్చేస్తున్నాం అని ఆయనే చెప్పాడు. వంశధార వంతెన ఇవతలే, మడపాం టోల్‌గేటు దగ్గర నాలుగు లారీల వెనక ఆగాల్సొచ్చింది.

"విసుగొచ్చినప్పుడు నోటితో సెప్పమ్మా," అన్నాడాయన ఎదురుగా ఉన్న లారీని చూస్తూ.

"సెప్తే మానేస్తానంటారు."

"అనను."

లారీలు కదిలాయి. హైమ గేరు వేసింది. గేటు దాటి, రోడ్డు ఖాళీ అయ్యేసరికి ఎండ ఎడంపక్క కిటికీలోంచి వాలుగా మొహాల మీద పడింది.

"మావయ్యా."

"ఏటమ్మా."

"విసుగొస్తంది."

ఆయన కండువా తీసి కళ్ళకి ఎండ అడ్డం పెట్టుకున్నాడు.

"నాకూనమ్మా," అన్నాడు.